అక్కకు ఎదురెళ్ళిన రోజు

మా అక్కకు సంచి సర్దడం చేతకాదు. మడతపెట్టిన చీరను మళ్ళీ విప్పి, "ఇది వద్దులేవే, ఆ ఊదారంగుది పెడదాం" అంటుంది. ఊదారంగుది పెట్టాక ముందుదే బాగుందంటుంది. అందుకే కాశీ ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే నేనే వీధి దాటి వాళ్ళింటికి వెళ్ళి, మంచం మీద బ్యాగు తెరిచి కూర్చున్నాను.

చీరాల నేతచీరలు మూడు, బావ పంచెలు, తువ్వాళ్ళు, చలికి శాలువాలు, పండుమిరప పచ్చడి సీసా, గంగ నీళ్ళు తేవడానికి మూతపెట్టే రాగిచెంబు. షుగరు బిళ్ళలు సగం ఈ బ్యాగులో, సగం బావ చేతిసంచిలో పెట్టాను. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. బ్యాగు లోపలి గుడ్డ మీద మా అబ్బాయి ఫోను నంబరు పెద్ద అంకెలతో రాశాను. అక్క అది చూసింది.

"నేనేమన్నా తప్పిపోయే గేదెనా, ముద్ర వేశావు?"

"ఉండనీ అక్కా. ఎందుకైనా మంచిది."

"నీకన్నీ ఎందుకైనా మంచిదే."

మా అక్క పేరు శేషారత్నం. నా పేరు కోటిరత్నం. ఇద్దరినీ సత్తెనపల్లి దగ్గర ఈ ఊరికే ఇచ్చారు, ఎదురెదురు ఇళ్ళకు. మా వాకిట్లో నిలబడితే వాళ్ళ వసారా కనిపిస్తుంది. వాళ్ళ పొయ్యి మీద ఏం పొంగిందో మాకు వాసన తెలుస్తుంది. యాభై ఏళ్ళకు పైగా అలాగే ఉన్నాం.

బావ పిచ్చయ్య వసారాలో కూర్చుని, పత్తి నింపే బోరేల గోతాలకు కట్టే తాడుతో ఇంకో సంచి మూతి బిగిస్తున్నాడు. వాళ్ళు వెళ్ళేది సత్తెనపల్లిలో బయల్దేరే యాత్ర బస్సులో. వంటవాళ్ళు కూడా అందులోనే ఉంటారు. ఊళ్ళ వెంట తిరిగి మనుషుల్ని ఎక్కించుకుని పోతుంది.

"కాశీలో ఒక కూరగాయ వదిలిపెట్టి రావాలంటగా. నేను కాకరకాయ వదిలేద్దామనుకుంటన్నా" అంది అక్క.

"నువ్వు కాకరకాయ తిన్నదెప్పుడే?" బావ వసారాలోంచి అరిచాడు. "పెళ్ళైన కాడ్నించీ తెచ్చి నా కంచంలో పడేస్తన్నావు. అది వదిల్తే పుణ్యం నాక్కదా రావాల్సింది?"

"నువ్వు చుట్ట వదులు."

"చుట్ట కూరగాయా?"

"ఆకేగా!"

బావ తాడు గట్టిగా లాగాడు. నేనూ నవ్వాను కానీ లోపల నాకు దడగానే ఉంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మా అమ్మ అనేది. ఇప్పుడు బస్సులున్నాయి, ఫోన్లున్నాయి, వారం పది రోజుల్లో తిరిగొస్తున్నారు, నాకూ తెలుసు. తెలిస్తే దడ తగ్గుతుందా?

బ్యాగు జిప్పు లాగుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"రేపు నేను వెళ్ళేది తియ్యవే. నీ పిడి కెమెరాతో."

"తీస్తాలే" అన్నాను. ఆ మాట ఆమె అడగకముందే నా మనసులో ఉంది.

ఆ పిడి సంగతి చెప్పాలి.

మా అబ్బాయి ప్రేమ్‌చంద్ కూతురు జ్యోతిర్మయి తాడేపల్లిలో ఉద్యోగం చేస్తుంది. ఆదివారాలు ఇంటికొచ్చి, మిరప తోటల మీదా పత్తితీతల మీదా నా వంటల మీదా వీడియోలు చేసి నెట్‌లో పెడుతుంది. తను మాట్లాడేటప్పుడు తనను తీయడానికి ఇంకో మనిషి కావాలి. ముందు నా చేతికి ఫోను ఇచ్చింది. అది నా మాట వినలేదు. ఎన్నో ఏళ్ళు మిరపకాయలు కోసీ, తొడిమలు తీసీ, పత్తి ఏరీ నా వేళ్ళ కొసలు బెరడు కట్టిపోయాయి. ఆ అద్దాన్ని ఎంత నొక్కినా, నేను నొక్కినట్టే దానికి తెలియదు. రేషను దగ్గరా ఇదే తంతు, వేలిముద్ర పడక ఒకటికి నాలుగుసార్లు పెట్టిస్తారు.

"నాయనమ్మా, ప్రపంచంలో నువ్వు ఉన్నట్టు ఏ మిషనుకీ తెలియదు" అని నవ్వింది జ్యోతి.

తర్వాత తను కొనుక్కున్న చిన్న వీడియో కెమెరా తెచ్చింది. అగ్గిపెట్టెకు అన్నయ్యలా ఉంది. దాన్ని పట్టుకుంటే సబ్బుబిళ్ళలా జారేది, నా చెయ్యి వణుకుతుంటే బొమ్మా వణికేది. అప్పుడు ఈ పిడి తెచ్చింది. గ్రిప్ అంటుంది తను, నేను పిడి అంటాను. నల్లటి రబ్బరు తొడుగు, చేతికి తగిలించుకునే తాడు. కెమెరాను దాని నెత్తిన మరతో బిగిస్తాం. కింద విడదీస్తే మూడు కాళ్ళై నేల మీద నిలబడుతుంది, మూస్తే పిడికిట్లో ఒదిగిపోతుంది. బొటనవేలు ఆనేచోట ఒక బొత్తం ఉంది. అద్దం మీది బొమ్మ కాదు, నిజమైన బొత్తం. నొక్కితే లోపలికి పోయి టిక్కుమంటుంది. బెరడు కట్టిన వేలిని కూడా అది గుర్తుపట్టింది. కొడవలి పిడీ తిరగలి పిడీ పట్టినదాన్ని, నా చెయ్యి కూడా దాన్ని గుర్తుపట్టింది.

మొదటిరోజు పొరపాటు చేశాను. బొత్తం నొక్కి, నొక్కానో లేదోనని భయమేసి, ఇంకోసారి నొక్కాను. అంటే మొదలుపెట్టి ఆపేశానన్నమాట. జ్యోతి గోంగూర పచ్చడి చేస్తున్నంతసేపూ పట్టుకుని నిలబడి, అయిపోయాక ఆపుదామని మళ్ళీ నొక్కాను. అది అప్పుడు మొదలైంది. పచ్చడి ఒక్క ముక్క పడలేదు. నా కాళ్ళు, చీర కుచ్చిళ్ళు, ఒక కోడి, నేను నా మోకాళ్ళను తిట్టుకోవడం, "ఈ పిల్లకు బస్సు దొరుకుద్దో లేదో దేవుడా" అని గొణుక్కోవడం, అన్నీ పడ్డాయి. జ్యోతి పొట్ట పట్టుకుని నవ్వి, దాన్నే నెట్‌లో పెట్టింది. పచ్చడి వీడియోల కంటే దాన్నే ఎక్కువమంది చూశారట. నాకు మూడు రోజులు వీధిలోకి రావడానికి సిగ్గేసింది.

అప్పటినుంచి నొక్కాక కెమెరా ముందువైపు ఎర్రదీపం వెలిగిందో లేదో వంగి చూసుకుంటాను. నడుస్తూ తీయడం కూడా వచ్చింది. మోచేతులు డొక్కలకు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి నడవమంది జ్యోతి. నిండు బిందె మోస్తూ చుక్క ఒలక్కుండా రావడమే కదా అది. తలమీద బిందె ఉందనుకుని నడుస్తాను. బొమ్మ ఊగదు.

ఇంతకీ అక్కను తీయాలని నాకెందుకంత పట్టుదలో చెప్పాలి.

మా వైపు ఎవరైనా ప్రయాణమైతే ఒక ముత్తైదువ నిండుబిందెతో ఎదురు రావాలి. ఆమె ముఖం చూసి గడప దిగితే వెళ్ళిన పని అవుతుందని, మనిషి క్షేమంగా తిరిగొస్తాడని నమ్మకం. మా వీధికి ఆ ముత్తైదువ మా అక్క. పిల్లల పరీక్షలకు, మిరపకాయలు యార్డుకు తోలేటప్పుడు, కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు, "శేషమ్మక్కా, కాస్త ఎదురు రా" అని పిలుపు వచ్చేది. ఆమె పొయ్యి మీదది దించి, కొంగు సర్దుకుని, బిందె ఎత్తుకుని వచ్చేది. భర్త పోయినవాళ్ళు ఆ సమయానికి లోపల ఉండాలి. నన్ను లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, నేనే తప్పుకునేదాన్ని. తలుపు వెనక నిలబడి, వెళ్ళేవాళ్ళ వీపులు చూసేదాన్ని. మా అబ్బాయి మొదటిసారి హాస్టలుకు వెళ్ళినప్పుడూ వీపే. జ్యోతి ఉద్యోగానికి వెళ్ళినప్పుడూ వీపే. మా వీధిలో ఎవరినైనా సరే మెడ వెనక చూసి పేరు చెప్పగలను.

మా ఆయనదీ అంతే. మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, టిక్కీలంటాం, లారీకెత్తి, గుంటూరు యార్డుకు తోడు వెళ్ళాడు. అప్పుడు మా అబ్బాయి నా చంకలో ఉన్నాడు. నేను గడప లోపల నిలబడ్డాను, ఇంటి ఆడవాళ్ళు నిలబడేది అక్కడే. ఆయన చొక్కా వీపున చెమట మరక, భుజం మీద ఎర్ర తువ్వాలు, అది చూశాను. లారీ దోవలో బోల్తాపడింది. పై టిక్కీల మీద కూర్చున్నవాడు ఆయనే.

ఫోటో ఒకటుంది. పెళ్ళికి తీసింది, ఊపిరి బిగపట్టి నిలబడ్డ ముఖం. అది ఆయన మామూలు ముఖం కాదు. మామూలు ముఖం ఎలా ఉండేదో చాలా ఏళ్ళు గుర్తుంచుకున్నాను. తర్వాత కొంచెం కొంచెం జారిపోయింది. ముందు గొంతు పోయింది. పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను, పుస్తకాలు చదివాను. మనుషులు పోయినవాళ్ళ గొంతులు చెవుల్లో వినిపిస్తున్నట్టు రాస్తారు వాటిలో. నాకు వినిపించదు. ఎంత చెవి ఒగ్గినా లారీ చప్పుడే.

అందుకే అక్క కాశీ వెళ్తున్నదనగానే, ఆమె నడక, ముఖం, మాట, మూడూ కలిపి పట్టుకోవాలనుకున్నాను. తిరిగొస్తుంది, వచ్చాక ఇద్దరం చూసుకుని నవ్వుకుంటాం. రాకపోతే మాత్రం వీపు ఒక్కటే మిగలకూడదు.

అనుకోవడం అలా అనుకున్నాను. కానీ ముఖం తీయాలంటే ఎదురెళ్ళాలి. నేను ఎదురెళ్ళేదాన్ని కాదు కదా. కిటికీలోంచి తీద్దామా, పక్కసందులోంచి తీద్దామా అని లెక్కలు వేసుకున్నాను. బ్యాగు సర్దిన ఆ మధ్యాహ్నం అక్క కొట్టుకు కర్పూరం కోసం వెళ్తుంటే, అలవాటు కోసం వెనకాల నడుస్తూ తీశాను. తిరిగొచ్చాక చిన్న తెర మీద చూపించాను. ఆమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేందే? ఇది నా కొప్పు."

"నువ్వే."

"నేనేనని తెల్సులే. రేపు కూడా ఇట్టానే తీస్తావా?"

"కిటికీలోంచి పక్కగా పడతావు అక్కా. చెంప కనపడుద్ది."

"చెంపేం చేసుకుంటావు? ఎదురుగా తియ్యి."

"ఎదురుగా నేనెట్టా వస్తా?"

బావ వసారాలో చుట్ట వెలిగించుకుంటూ విన్నాడు. "పక్కింటి కోటేష్ పెళ్ళాంతో చెప్పా. బిందెతో ఆ పిల్ల వస్తది. రత్తమ్మా, నువ్వు మనసులో ఏం పెట్టుకోమాక. కాశీ ప్రయాణం, అందుకని."

"నేనేం పెట్టుకోలేదు బావా" అన్నాను. నిజంగానే పెట్టుకోలేదు. ఆయన చెప్పింది నా మాటే.

అక్క ఊరుకోలేదు. "ఏమయ్యా, ఈ వీధిలో అందరికీ ఎదురొచ్చింది నేను. ఇయ్యాళ నాకెవరు రావాలో నేను చెప్పకూడదా?"

"శకునం అనేదొకటుంది."

"ఉంది. నేనే కదా ఆ శకునం!" అని ఆమె నా వైపు తిరిగింది. "దా, లోపలికి."

వంటింట్లోకి తీసుకెళ్ళింది. పీట మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమంది.

"మీ ఆయన గుంటూరు పోయిన రోజు ఎదురొచ్చింది ఎవరే?"

అడిగి తనే చెప్పింది.

"నేనే. నిండుబిందెతో, పసుపు కాళ్ళతో. నా ముఖం చూసే గడప దిగాడు. ఏమైంది?"

"అక్కా, దానికీ దీనికీ..."

"అది నా ఎదురు వల్ల కాదన్నారు అందరూ. ముత్తైదువని కదా, నన్నెవరూ ఏమీ అన్లా. నేనే అనుకున్నా. ఎన్నాళ్ళనుకున్నానో నీకు చెప్పలేదు. మళ్ళీ పిలిస్తే బిందెత్తుకుని పోతానే ఉన్నా. వెళ్ళినోళ్ళు వచ్చారు, కొందరు రాలా. నా చేతిలో ఏం లేదే. ఉత్త నీళ్ళు."

బయట బావ దగ్గడం వినిపించింది. అక్క గొంతు తగ్గించింది.

"ఇంకోటి చెప్తా విను. ఆ రోజు ఆయన ముఖం చూసింది నేను. నువ్వు చూళ్ళా. మీ వాకిట్లోంచి వస్తా, నా బిందె చూసి నవ్వాడు. 'వదినా, మెల్లిగా, పైటంతా తడుపుకుంటన్నావు' అన్నాడు. నేను చూసుకుంటే నిజంగానే తడిసింది. అంతే. లారీ ఎక్కాడు."

ఆ మాట నాకు అంతవరకూ తెలియదు. ఆయన నోటి మాట ఒకటి ఇన్నేళ్ళు ఎదురింట్లో ఉంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెప్పను? చెప్తే, నా ఎదురులోనే పోయాడని నీకు గుర్తు చేసినట్టవదా?" ఆమె నా మోకాలి మీద కొట్టింది. "చూసిన ముఖం దాచుకున్నా నేను. రేపు నా ముఖం నువ్వు చూడు. ఆ కిటికీలోంచి చూస్తే ఒప్పుకోను. గడప దిగను, బస్సు పోయినా సరే."

నేను ఇంటికొచ్చి పిడికి కెమెరా బిగించి, ఛార్జింగు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

మర్నాడు తెల్లారి మంచు పట్టి ఉంది. వీధి చివర రోడ్డు, దాని అవతల ఇంకా ఏరని పత్తి. బస్సు రోడ్డు మీద ఆగి హారను కొట్టింది. జ్యోతికి సెలవు దొరకలేదు. నా కొడుకు ప్రేమ్‌చంద్ సంచులు భుజానికెత్తుకుని ముందే వెళ్ళాడు. కోటేష్ పెళ్ళాం కొత్తగా తలంటుకుని, ఇత్తడి బిందెతో వీధి మధ్య నిలబడింది. నేను మా ఇంటి తలుపు వెనక ఉన్నాను, పిడి చేతిలో పట్టుకుని.

అక్క వాళ్ళ గడప మీదికి వచ్చి ఆగిపోయింది.

"పదవే" అన్నాడు బావ.

"రానీ."

"ఎదురుగా నుంచునుందిగా పిల్ల!"

"ఆ పిల్లని పక్కన నుంచోమను. అమ్మాయ్, బరువు, దించుకో తల్లీ. రత్తమ్మా!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. బస్సు మళ్ళీ హారను కొట్టింది. బావ ముఖం ఎర్రబడింది. "అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నా పరువు తీస్తన్నారు" అని చేతిసంచి అందుకుని, వెనక్కి చూడకుండా రోడ్డు వైపు నడిచిపోయాడు.

"రత్తమ్మా, నేనిక్కడే ముసలిదాన్నయిపోతా" అని అరిచింది అక్క.

"అయిపోయావుగా!" అని ఎవరో అన్నారు. వీధి నవ్వింది.

ఆ నవ్వులో తలుపు తీశాను. ఎలా తీశానో తెలియదు. మెట్లు దిగి, వీధి మధ్యకు వచ్చి, ఆమెకు ఎదురుగా నిలబడ్డాను. యాభై ఏళ్ళలో ప్రయాణమయ్యే మనిషికి ఎదురుగా నేను నిలబడటం అదే మొదటిసారి. బొటనవేలితో నొక్కాను. టిక్కుమంది. ఇంకోసారి నొక్కబోయి ఆగాను. పిడి తిప్పి ముందువైపు చూశాను. ఎర్రదీపం వెలుగుతోంది.

అక్క గడప దిగింది.

నేను వెనక్కి నడవాలి. వరినాట్లలో వెనక్కి నడిచినదాన్నే కానీ అక్కడ బురద ఒక్కటే ఉండేది. ఇక్కడ రాళ్ళు, పేడ, కట్టేసిన గేదె. మోచేతులు డొక్కలకు ఆనించి, కెమెరా ఆమె ముఖం ఎత్తున పెట్టి, అడుగు వెనక అడుగు వేశాను.

ఆమె ఏదైనా మంచి మాట చెబుతుందనుకున్నాను. చెల్లెలికి చెప్పే మాట, దాచుకునే మాట. ఆమె కళ్ళు నా ముఖం మీద లేవు, కెమెరా మీదా లేవు. నా కాళ్ళ వెనక నేల మీద ఉన్నాయి.

"రాయి, రాయి! ఎడంపక్కకి... అటు కాదే, నీ ఎడం. ఆ. ఇప్పుడు రా. మెల్లిగా. గేదె తోక ఉంది. ఒరేయ్ కోటేష్, ఆ గేదెని లాగరా అవతలికి! ఇప్పుడు రా. పేడ. పేడ అంటన్నా కదా! అయ్యో, తొక్కింది. సర్లే, రా. ముఖం పడతందా?"

"పడతంది."

"ఏడ్చి చావమాక, బొమ్మ ఊగుద్ది."

"ఊగట్లా."

"గుంట. నిన్న మోటారు పైపుకి తవ్వారే, అది. కుడి కాలు ఇంకొంచెం. ఆ. దాటావు."

అలా రోడ్డు వరకూ నన్ను నడిపించుకుని వచ్చింది. ప్రయాణం ఆమెది, జాగ్రత్తలు నాకు. బస్సు మెట్టు దగ్గర ఆగి, అప్పుడు తలెత్తి సూటిగా చూసింది. మంచుకు ముక్కు తుడుచుకుంది. బస్సు లోపలినుంచి బావ, "ఎక్కవే, డ్రైవరు తిడతన్నాడు!" అని అరిచాడు.

"వస్తన్నా" అని ఆయనకు చెప్పి, "వెళ్ళొస్తానే" అని నాకు చెప్పింది.

బస్సు మలుపు తిరిగేదాకా తీసి, ఆపాను. వీధిలో ఎవరూ నన్నేమీ అనలేదు. కోటేష్ పెళ్ళాం బిందెలో నీళ్ళు తీసుకెళ్ళి గేదె కుడితి తొట్లో పోసింది.

ఇంటికొచ్చి తలుపేసుకుని చూశాను. పడింది. గడప దిగిన దగ్గరనుంచి 'వెళ్ళొస్తానే' దాకా అంతా ఉంది. అంచుల్లో కొంచెం ఊగింది. ముఖం మాత్రం ఊగలేదు. తిట్టేటప్పుడు పెదవి ఎడమవైపుకు లాగడం, అడుగు వేసేముందు కాస్త ఊపిరి పీల్చుకోవడం, ఇన్నేళ్ళు ఎదురింట్లో ఉండి నేను గమనించనివి కూడా ఉన్నాయి. వెళ్ళాక అక్క రోజూ ఫోను చేసేది. "గంగ ఎట్టా ఉందక్కా?" అంటే, "నీళ్ళు మన కాలవ నీళ్ళలాగే ఉన్నాయి, కాకపోతే ఎక్కువున్నాయి. వీడియో చెరపకు, వచ్చి చూస్తా" అంది.

ఒకరోజు అక్క కాశీలో బస దగ్గర స్నానం చేసి, భోంచేసి, గోడకానుకుని కూర్చుందట. బావ పక్కవాళ్ళతో మాట్లాడి ఇటు తిరిగేసరికి తల వాల్చి ఉందట. గుండె ఆగిందన్నారు. ప్రేమ్‌చంద్ విమానమెక్కి వెళ్ళాడు. చేయాల్సిందంతా అక్కడే గంగ ఒడ్డున చేశారు. పుణ్యస్త్రీ, కాశీలో పోయింది, ఇంకేం కావాలి అన్నారు కొందరు. ముత్తైదువ బిందెతో నిలబడి ఉండగా ఇదేం పని అని ఇంకొందరు అన్నారు. అది నా చెవిన పడేలాగానే అన్నారు.

నేను ఎదురెళ్ళినందుకేనా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఉత్త నీళ్ళే అని అక్క అన్న మాట గుర్తుకొస్తుంది. మళ్ళీ అడుగుతాను. మళ్ళీ గుర్తుకొస్తుంది.

బావ తిరిగొచ్చిన మర్నాడు వీధి దాటి మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో ఆయన్ను చూసి లేచి నిలబడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "అది పెట్టు" అన్నాడు.

పిడికి మూడు కాళ్ళు విడదీసి బల్ల మీద నిలబెట్టాను, తెర ఆయన వైపు తిప్పి. ఆయన ముందుకు వంగి చూశాడు. గేదె దగ్గర నవ్వాడు. పేడ దగ్గర ఇంకా నవ్వాడు.

"నేనేడీ ఇందులో?"

"నువ్వు అలిగి ముందెళ్ళిపోయావుగా బావా."

చివర్లో బస్సు లోపలినుంచి గొంతు వినిపించింది: "ఎక్కవే, డ్రైవరు తిడతన్నాడు!"

"నేనే" అన్నాడు. కండువాతో కళ్ళు ఒత్తుకుని, "మళ్ళీ పెట్టు" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వస్తాడు. కాఫీ తాగి, ఒకసారి చూసి, చేనుకు పోతాడు. బొత్తం ఆయనకు నొక్కడం రాదు, నేనే నొక్కుతాను.

మా అక్క శేషారత్నం కాశీనుంచి తిరిగి రాలేదు. చనిపోయింది రెండు వేల ఇరవై నాలుగు నవంబరు ఇరవై ఒకటి, గురువారం.